మహేశ్వరం బండల అడుగున

తుక్కుగూడ దాటి మహేశ్వరం వైపు సాగితే దారికిరువైపులా గుండ్రని బండలు ఒకదానిపై ఒకటి నిలిచి కనిపిస్తాయి. మనుషులెవరూ పేర్చినవి కావు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు పగుళ్లలోకి అల్లాహ్ కురిపించిన వాన దిగి, అంచులను తినివేయగా మిగిలిన గట్టి ముద్దలవి.

అసలు పని కంటికి కనబడని చోట జరుగుతుంది. రాతిలోని నల్ల అభ్రకం నీరు తగిలి ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి బండ పొరలుగా చీలుతుంది. కొన్ని ఖనిజాలు బంకమన్నవుతాయి, ఇనుము తుప్పుపట్టి ఎరుపునిస్తుంది, కరగని స్ఫటికం ఇసుకగా మిగులుతుంది. మన రైతుల చెలక నేల ఇలా పుట్టినదే. దాని కింద మొరం, ఆ కింద చీలికల రాయి. ఇంకా దిగితే నీరు నిలిచే చోటు అరుదు.

ఇక్కడి 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి ఏళ్ల తరబడి పరిశీలించింది. ఏటా కురిసేది సుమారు 750 మిల్లీమీటర్లు. లోతుకు ఇంకేది అందులో కొద్దిపాలే. వరి కోసం బోర్లు అంతకుమించి తోడగా మొరం పొర ఎండి, నీరు చీలికల్లోకి జారింది.

ఒక పాడుబావి వద్ద విద్యార్థులకు ఈ పొరలన్నీ చూపించాను. జుహ్ర్ వేళ, బోరే ఆధారమైన మస్జిదులో ఒక అబ్బాయి కుళాయి వదిలేసి వుజూ చేస్తున్నాడు. దైవప్రవక్త (స) వుజూకు ఒక ముద్, అంటే దోసెడు నీరు, సరిపోయేదన్నాను. వాడు కుళాయి కట్టి, “ఉస్తాద్, ఇది ఆ చీలికల్లోని నీరేనా?” అన్నాడు. అవునన్నాను.