నాగోలు యాత్ర: ఇల్లుబండికి వెలితి భీమా వలయునా?

భాగ్యనగరమునకు తూర్పుదిక్కున, ఉప్పలునుండి ఎల్.బి. నగరునకు బోవు దారిలో మూసీనదిపై నొక వంతెన గలదు. అది దాటినంతనే నాగోలు. ఒకప్పు డిది చేలును చెఱువులును గల పల్లె. ఇప్పుడు మేడలమీద మేడలు లేచి నగరములో గలిసిపోయినది. అనంతగిరి కొండలలో బుట్టిన మూసీ నగరమధ్యమున బ్రవహించి, దాని మాలిన్యమంతయు మోసికొని యిచ్చటికి వచ్చును. ఇటనుండి నల్లగొండ సీమకు బోయి వాడపల్లికడ కృష్ణలో గలియును. వంతెనమీద నిలిచినవారికి మొదట తెలియునది నీరు గాదు, వాసన. మురుగును శుద్ధిచేయు కేంద్రమును గట్టిరి గాని, వేసవిలో ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొననిదే వంతెన దాటుట కష్టము.

2017 నవంబరు 29వ తేదీనుండి యిచ్చటికి మెట్రోరైలు నడచుచున్నది. నాగోలు స్టేషను నీలిమార్గమునకు తూర్పుకొన, పడమటికొన రాయదుర్గము. స్టేషను ఉప్పలు వైపుననే యుండుటచేత, రైలు దిగినవారు ఆటో నెక్కి వంతెన దాటవలెను.

నాగోలు పేరు చెప్పినంతనే నగరవాసులకు జ్ఞప్తికి వచ్చునది గుడియు గాదు, కోటయు గాదు. బండి నడుపు పరీక్ష. రవాణాశాఖవారి పరీక్షామైదాన మిచ్చట నున్నది. ఎనిమిది యంకెవలెను, ఆంగ్లపు హెచ్ అక్షరమువలెను వంకరలు తిరిగిన బాటలలో నడివయసు గృహిణులు పెదవులు బిగించి కారును వెనుకకు నడపుట చూచి నాకు ముచ్చట వేసినది. ఒకామె అత్తగారు కాబోలు, కంచె కీవల నిలిచి "మెల్లగా తల్లీ, మెల్లగా" అనుచుండెను. అద్దములు బిగించిన కారులోనికి ఆ మాట వినబడునా యని యామె విచారింపలేదు.

ఇట్టి బండ్ల యూరిలో కాపురమున్నవారికి బండిమీద కోరిక పుట్టుట వింత గాదు. మా వదినగారు, అనగా మావారి యక్కగారు, నాగోలున నుందురు. అన్నయ్యగారు రెండేండ్లలో ఉద్యోగము విరమింతురు. పిల్లలు దూరదేశముల నున్నారు. వారిరువురును ఇల్లుబండి కొనదలచిరి. దీనినే కారవాన్ అందురు. పెద్ద వ్యానులో రెండు పడకలు, గ్యాసు పొయ్యి, నీళ్లతొట్టి, చిన్న మరుగుదొడ్డి అమర్చిన బండి యది. మడి వంట మానని వదినగారికి, మోకాలినొప్పితో సత్రపు మెట్లెక్కలేని అన్నయ్యగారికి, తీర్థయాత్రలకు ఇంతకంటె అనువైనది లేదు. అయితే ఏ మరమ్మతు కొట్టములోనో ఇచ్చవచ్చినట్లు మార్పించుకొనరాదు. రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు విరుద్ధముగా బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము నిషేధించుచున్నది. కావున అనుమతి గల నిర్మాతచేతనే చేయింపవలెను.

వెల కుదిరిన పిదప, అమ్మువాడు కాగితములు ముందుంచి, "రిటర్న్ టు ఇన్వాయిస్ కూడ చేర్చుచున్నాము సార్, అందఱును తీసికొందురు" అనెను. ఆ మాటకు అన్నయ్యగారు తల యూపబోగా, వదినగారు "మా మరదలు రానిండు, ఆమె చదివి చెప్పును" అని కాగితములు బీరువాలో దాచిరి. నా యాత్రకు గారణ మిదియే.

పడమటి దేశములలో దీనిని గ్యాప్ ఇన్సూరెన్స్ అందురు. నేను వెలితి భీమా అనుచున్నాను. బండి పూర్తిగా ధ్వంసమైనను, దొంగలపాలై దొరకకున్నను భీమాసంస్థ మనకిచ్చు సొమ్ము మనము కొన్న వెల గాదు. పత్రమునందు 'ఐ.డి.వి.' అని వ్రాసిన యంకెయే దానికి ప్రమాణము. కార్ఖానావారు ప్రకటించిన అమ్మకపు వెలనుండి బండి వయసునుబట్టి తరుగు తీసివేసి దీనిని గట్టుదురు. ఆఱు నెలలలోపు బండికి నూటికి 5, ఏడాదిలోపు 15, రెండేండ్లలోపు 20, మూడేండ్లలోపు 30, నాలుగేండ్లలోపు 40, అయిదేండ్లలోపు 50 చొప్పున తరుగును లెక్కింతురు. మరమ్మతు ఖర్చు ఈ విలువలో నూటికి 75 దాటునేని బండి పూర్తిగా పోయినట్లే భావింతురు. రిజిస్ట్రేషను రుసుము గాని, ప్రభుత్వమునకు గట్టిన జీవితపన్ను గాని, కట్టిన భీమాసొమ్ము గాని ఆ విలువలో జేరవు. ఈ తరుగును, కొన్ని పత్రములలో పన్నును గూడ, పూరించి యిచ్చెదమనుటయే వెలితి భీమా. బండి కొట్టుకొని తలుపు సొట్టపోయినచో ఇది యొక్క రూపాయియు నీయదు. సర్వనష్టమైనపుడే దీనికి నోరు లేచును. అదియును బండి క్రొత్తదై యున్న మొదటి కొన్ని యేండ్లకు మాత్రమే.

ఇట్లు చెప్పిన దెల్ల గాలిలో తేలిపోవును గాన, ఆ మధ్యాహ్నము వదినగారును నేనును వత్తులు చేసికొనుచు వేసిన లెక్కను వ్రాయుచున్నాను. వ్యాను వెల 20 లక్షలనుకొనుడు. పడకలు, పొయ్యి, తొట్టి మొదలగు అమరికలకు వేఱొక నిర్మాత 8 లక్షలకు చీటి యిచ్చెను. పన్ను మొదలైనవి 4 లక్షలు. మొత్తము 32 లక్షలు. ఇందు 22 లక్షలు బ్యాంకు ఋణము. ఏడేండ్ల గడువు, నూటికి 10 వడ్డీ. నెలకు సుమారు 36,500 కిస్తు. కొన్న పదునైదవ నెలలో, దైవము రక్షించుగాక, బండి పోయినదనుకొందము. అప్పటికి బ్యాంకు బాకీ యింకను 19 లక్షలుండును. తరుగు నూటికి 20. పత్రములో వ్యాను వెల మాత్రమే చేర్చి అమరికలను విడిచియుండిన యెడల, వచ్చునది 16 లక్షలు. ఋణముపై కొన్న బండికి వచ్చు సొమ్ము మొదట బ్యాంకునకే చెందును. అనగా బండి పోయి, 3 లక్షల బాకీ మిగులును!

ఇచ్చటనే వదినగారు వత్తి చేయుట మాని, "అయితే ఆ అమరికల చీటిని గూడ మొదటనే చెప్పరాదా?" అనిరి. చెప్పవచ్చును, చెప్పవలెను. కార్ఖానా వెలలో జేరని పరికరములను విడిగా పేర్కొని వాని విలువను గూడ కట్టించుకొనుటకు నిబంధన యున్నది. దానికి భీమాసొమ్ము కొంత పెరుగును. కాని 28 లక్షలపై లెక్కవేసిన, నూటికి 20 తరుగు పోను 22 లక్షల 40 వేలు వచ్చును. బాకీ తీఱి 3 లక్షల 40 వేలు చేతికి మిగులును. మనలను భయపెట్టిన ఋణపు వెలితి, వెలితి భీమా లేకయే పూడినది. అమ్మువాడు ఈ సంగతి చెప్పలేదు. అతని బల్లపై దానికి గడి లేదు కాబోలు.

మిగిలిన ప్రశ్న తరుగును పన్నును గూర్చినది. సంస్థకు జాబు వ్రాయించితిమి. బండి యమ్మినవారి చీటియే తమకు ప్రమాణమనియు, అమరికల నిర్మాత చీటి లెక్కకు రాదనియు, పన్నును మాత్రము చేర్చెదమనియు సమాధానము వచ్చినది. అనగా పదునైదవ నెలలో వెలితి భీమా యిచ్చునది వ్యాను తరుగు 4 లక్షలు, పన్ను 4 లక్షలు, వెరసి 8 లక్షలు. ఏటికి 10 వేలు అడిగిరనుకొనుడు. ఎనిమిది లక్షలలో పదివేలు ఎనుబదవ వంతు. ప్రతి యెనుబది బండ్లలో నొకటి యేటేట సర్వనాశన మగుచున్నగాని ఈ బేరము సరిపోదు. మీ వీధిలోని బండ్లు లెక్కించి చూచుకొనుడు. పన్నును చేర్చని సంస్థయైనచో నలువదింట నొకటి పోవలెను. కారులకు దొరకు ఈ యనుబంధము ఇల్లుబండివంటి వాహనమునకు దొరకునో లేదో యనునది గూడ ముందుగా వ్రాతమూలకముగా దెలిసికొనదగినది.

ఇంగ్లండులో ఈ లెక్కను దొరలే వేసిరి. అచ్చటి ఆర్థిక నియంత్రణ సంస్థ విచారింపగా, వెలితి భీమాకై కట్టిన ప్రతి నూఱు పౌనులలో ఆఱు మాత్రమే నష్టపరిహారముగా తిరిగి వచ్చినవనియు, కొందఱు సొమ్ములో నూటికి 70 వఱకు అమ్మకందార్లకు కమిషనుగా నిచ్చిరనియు దేలినది. 2024 ఫిబ్రవరిలో సంస్థలు అమ్మకమును నిలిపివేసి, తరువాత కొన్ని షరతులు సవరించుకొని మరల మొదలిడినవి. మనదేశపు లెక్కలు వేఱుకావచ్చును. అయినను "అందఱును తీసికొందురు" అను మాట వెనుక నేమున్నదో యోచించుటకు ఇది చాలును.

భీమా యన్నప్పుడెల్ల నాకు గదాధరుడైన భీమసేనుడు తోచును గాని, ఇది పారసీకమునుండి వచ్చిన మాట. ఆపద కొక వెల గట్టుట మాత్రము మనకు క్రొత్త గాదు. అడవిదారిని బోవు వర్తకునకు నూటికి పదియు, సముద్రము దాటువానికి నూటికి ఇరువదియు వడ్డీ యని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. దారినిబట్టి వెల. అందుచేత సాయంకాలము మేము దారినే చూచి వత్తమని బయలుదేరితిమి.

వదినగారి యిల్లు మూసీకి దూరము గాదు, ఆ కాలనీయో పల్లము. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీ పొంగి నగరములో వేలమందిని పొట్టబెట్టుకొన్నది. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై వరద నాపుటకు జలాశయములు నిర్మించిరి. 1920లో ఉస్మాన్ సాగరును, 1927లో హిమాయత్ సాగరును పూర్తి యైనవి. అయినను 2020 అక్టోబరు 13, 14 తేదీల కుండపోతకు నగరములో కారులు కాగితపు పడవలవలె కొట్టుకొనిపోయినవి. నాగోలు పల్లపు కాలనీలలో నీరు రోజులకొలది నిలిచినది. వదినగారి గోడమీద నాటి బురదగీత రెండు సున్నములు వేసినను లీలగా నింకను కనబడుచునే యున్నది. నా నడుమువఱకు వచ్చినది.

ఆ గీత చూచిన పిదప నాకు వేఱొక యనుమానము పుట్టినది. ఇచ్చట బండికి రాగల యాపద కొట్టుకొనిపోవుట కంటె నిలిచి నానుటయే. వరదనష్టము సొంతబండి నష్టపు భీమాలో జేరియున్నది గాని, కట్టి తీరవలసిన మూడవ పక్షపు భీమా మాత్రమే యున్నవారికి చిల్లిగవ్వయు రాదు. ఇంకొకటి. నీట మునిగిన యింజనును తొందరపడి త్రిప్పినచో లోనికి నీరు పీల్చుకొని కడ్డీలు వంగును. ఆ నష్టము మీ చేతలవలన కలిగినదని సంస్థలు త్రోసిపుచ్చును. దానికి ఇంజను రక్షణ యను వేఱు అనుబంధ మున్నది. నీరు తీసినవెంటనే తాళము త్రిప్పకుండ బండిని మోయించుకొనిపోవలెనని మగవారికి చెప్పుడు. వారి చేయి తాళమువైపే పోవును. మూసీయొడ్డున కాపురమున్నవారికి ఈ రక్షణ వెలితి భీమాకంటె పదిరెట్లు ముఖ్యమని నా యభిప్రాయము.

తిరిగివచ్చుచుండగా నేను వదినగారిని ఒక మాట యడిగితిని. "బండి పోయినచో వెంటనే మరల అట్టిదే కొందురా?"

ఆమె కొంచెముసే పాలోచించి, "ఎందుకు మరదలా? ప్రాప్తము లేదనుకొని రైలులో పోదుము. అప్పు మాత్రము మిగులరాదు" అనిరి.

ఆ మాటతో నాకు సంశయము తీఱినది. వెలితి భీమా క్రొత్తబండిని మరల కొనుటకు. మరల కొననక్కఱలేనివారు దానికై సొమ్ము పోయుట యేల? వదినగారి యెదురింట నొకాయన కారు నడిపియే యిల్లు గడపుచున్నాడు. కొన్నది నిరుడు, ఋణము నిండుగా నున్నది, బండి లేనిదే పూట గడవదు. అట్టివానికి దొరకునేని ఆ పదివేలు దండుగ గాదు. చేతిసొమ్ము పెట్టక దాదాపు వెలయంతయు అప్పు తెచ్చినవారికిని అంతే. వారి బాకీ యెప్పుడును ఐ.డి.వి.కంటె ముందే పరుగెత్తుచుండును.

మఱునాడు అన్నయ్యగారు పడకలనుండి పంపువఱకు పట్టీ వ్రాసి, చీటీల నకళ్లు జతచేసి సంస్థకు పంపిరి. ఇంజను రక్షణ చేర్చిరి. వెలితి భీమా కొట్టివేసిరి. అమ్మువాని ముఖము కొంచెము చిన్నబోయినది. భీమాను అమ్మువాని యొద్దనే కొనవలెనను నిర్బంధ మెచ్చటను లేదు గనుక అన్నయ్యగారు వేఱు సంస్థల వెలలును తెప్పించి చూచిరి. రెండు తాళపుచెవులను జాగ్రత్తపఱచుడని నేను చెప్పి వచ్చితిని. దొంగతనమైనపుడు పోలీసువారి పత్రముతోపాటు రెంటిని అడుగుదురు. ఒకటి లేనిచో తగవు. తగవే వచ్చునేని, సంస్థకు మొదట వ్రాసి నెలరోజులు చూచి, పిమ్మట నగరములోనే యున్న భీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు ఫిర్యాదు పంపవచ్చును. రుసుము లేదు. దేశమంతటి భీమాసంస్థలను శాసించు ప్రాధికార సంస్థయు మన భాగ్యనగరమునందే, నానక్రాంగూడలో నున్నది. నాగోలులో రైలెక్కి రాయదుర్గములో దిగినవారికి అది దూరము గాదు.

బండి కార్తికమాసమునకు చేతికి వచ్చునట. వానకాలపు నెలలలో దానిని ఉప్పలున మిట్టనున్న తెలిసినవారి యావరణలో నిలుపుటకు మాటయైనది. మొదటి ప్రయాణ మెచ్చటికని యడుగగా వదినగారు వాడపల్లి యనిరి, అన్నయ్యగారు కాళేశ్వర మనిరి. నేను రైలెక్కువఱకు ఆ తగవు తీఱలేదు.