డబ్బాలో పట్టే చోటు

నేను పుస్తకం పట్టుకుంటే "ఖాళీగానే ఉన్నావుగా" అని పని చెప్పే మా ఇంట్లో, సూది పట్టుకుంటే మాత్రం ఎవరూ కదిలించరు. కుడుతున్న ఆడదాన్ని చూస్తే అందరికీ అదో నిశ్చింత. ఆడవాళ్ళకి అణకువ నేర్పిన కుట్టే వాళ్ళ ధిక్కారానికీ చోటిచ్చిందని రోజికా పార్కర్ 1984లో 'ది సబ్‌వర్సివ్ స్టిచ్'లో రాసింది.

నా చోటు ఒక పాత టిఫిన్ డబ్బా. అట్టముక్కలకు చుట్టి నంబర్లు వేసిన దారాలు, చిన్న కత్తెర, మొన మొద్దుగా ఉండే 24వ నంబరు సూది. బస్సు కుదుపుకి గుచ్చుకోదు. ఆరు పోగుల దారాన్ని రెండేసి పోగులుగా ముందే విడదీసుకుంటాను. నిలబడి ప్రయాణం చేసేవాళ్ళ మోచేతుల మధ్య ఆ పని కుదరదు. పెద్ద గుడ్డ ఇంట్లోనే ఉంటుంది, వెంట వచ్చేది అరచేతంత ముక్క.

అంగుళానికి 14 గళ్ళుండే ఐడా గుడ్డ మీద 10 అంగుళాల చదరం నింపాలంటే 19,600 క్రాస్‌కుట్లు. రోజుకి వంద వేసినా 196 రోజులు. కుట్టిన గళ్ళని నమూనా కాగితం మీద పెన్సిలుతో కొట్టేస్తాను. ఇరవయ్యేళ్ళుగా చేస్తున్న ఇంటిపనిలో అలా కొట్టేయడానికి ఒక్క గడీ లేదు. తోమిన గిన్నెలు రాత్రికి మళ్ళీ సింకులోనే.

పూర్తయ్యాక ఫ్రేము కట్టించి హాల్లో పెడదామంటున్నారు మా ఆయన. నేనింకా ఒప్పుకోలేదు.