కంటికి పొర, బండి మీద పిల్లలు

నెలన్నర నుంచి పోస్టు పెట్టలేదు. "ఏం బాబాయ్, మినుము గురించి రాస్తానన్నావు, అయిపు లేవు" అని కొంతమంది ఫోన్ కూడా చేశారు. కుడి కంటికి ఆపరేషన్ అయింది. ఫోన్ తక్కువ చూడమని డాక్టరు గారు చెప్తే, మా అమ్మాయి ఏకంగా ఫోనే లాక్కుంది. ఇవాళ కూడా మినుము గురించి కాదు. నా డ్రైవరు ఉద్యోగం గురించి రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మన వయసు వాళ్లకి పనికొస్తుంది.

నాకు 57. కృష్ణా కాలవ కింద రెండెకరాల మాగాణి ఉంది. మోకాళ్లు అరిగిపోయి గట్టు ఎక్కి దిగడమే కష్టమైపోయింది. అందుకని పోయిన జూన్‌లో కౌలుకిచ్చేశా. ఉద్యోగస్తులకి రిటైర్మెంట్ రోజున దండేసి ఇంటిదాకా దిగబెడతారు. మనకి ఆ రోజు ఎప్పుడొస్తుందో కూడా తెలియదు. 2019లో రైతులకి పింఛను పథకం పెట్టారు, 60 నిండాక నెలకి 3000. కానీ చేరాలంటే 18 నుంచి 40 లోపు ఉండాలి. నాకప్పటికే 50 దాటాయి. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

పొలం ఇచ్చేసిన నెలలోనే కొత్త ఉద్యోగం దొరికింది. మా అమ్మాయి టౌన్లో నర్సు, అల్లుడు లారీ మీద పోతే పది రోజులకి గానీ రాడు. పిల్లలిద్దరూ మా దగ్గరే. మనవరాలు మూడో తరగతి, మనవడు యూకేజీ. బడి ఆరు కిలోమీటర్లు. ఆటో అతను ఒక్కొక్కరికి నెలకి 1500 అడిగాడు. "ఎందుకు దండగ, నేను లేనూ" అని టీవీఎస్ ఎక్సెల్ తీశా.

లెక్క చెప్తా చూడండి. పొద్దున ఇద్దర్నీ దించి రావడం 12 కిలోమీటర్లు. మధ్యాహ్నం చిన్నాడిని తేవడం ఇంకో 12. సాయంత్రం పిల్లని తేవడం ఇంకో 12. మొత్తం 36. లీటరుకి 50 వేసుకున్నా ముప్పావు లీటరు పడుతుంది. నెలకి 24 బడి రోజులంటే 17, 18 లీటర్లు. ఆటో కంటే వెయ్యి రూపాయలు మిగులు.

మిగులు సంగతి పైకి చెప్పే మాట. అసలు సంగతి వేరే. పొలం ఇచ్చేశాక నన్ను అడిగేవాళ్లు లేకుండా పోయారు. నీళ్లు ఎప్పుడు పెట్టాలి, కూలీలు ఎంతమంది కావాలి, ఏ మందు కొట్టాలి, ఏదీ నన్ను అడగక్కర్లేదు. పొద్దున ఐదింటికి మెలకువ వస్తుంది, ఎక్కడికి పోవాలో తెలియదు. బండి తీశాక ఎనిమిదయ్యేసరికి ఇద్దరు పిల్లలు నా కోసం అరుగు మీద నిలబడి ఉండేవాళ్లు. చిన్నాడు ముందు నిలబడతాడు, పిల్ల వెనక కూర్చుంటుంది. కాలవ గట్టు మీద పోతుంటే కొంగలు, బాతులు, చేపల వలలు. మధ్యలో వాడి ప్రశ్నలు. నలభై ఏళ్లు అదే గట్టు మీద తిరిగినా ఆ కొంగల వంక నేను ఏనాడూ చూడలేదు.

దసరా సెలవులు అయినప్పటి నుంచి కుడి కన్ను మసకేసింది. సాయంత్రం ఎదురుగా వచ్చే బండి లైటు గొడుగులాగా విచ్చుకునేది. కళ్లజోడు తుడుచుకుంటే పోతుందిలే అనుకున్నా. తర్వాత మంచు అనుకున్నా. నిజం చెప్పాలంటే అది ఏమిటో నాకు తెలుసు. మా నాన్నకీ వచ్చింది. చెప్తే బండి తాళం తీసేసుకుంటారని నోరు మూసుకున్నా.

జనవరి మొదట్లో కౌలు చేసే అబ్బాయి ఇంటికొచ్చి, "బాబాయ్, మినుములో పల్లాకు పడినట్టుంది, ఒకసారి వచ్చి చూడవా" అన్నాడు. ఏడు నెలల తర్వాత ఒకరు నన్ను అడిగారు! వెంటనే పోయా. చేలో నడిచి, నాలుగు మొక్కలు పట్టుకు చూసి, "ఏం లేదురా, చలికి అట్లా ఉంది" అన్నా. నా మాట మీద నమ్మకంతో అతను ఊరుకున్నాడు. పల్లాకు పడిన మొక్కల్ని మొదట్లోనే పీకేసి తెల్లదోమకి మందు కొట్టుకోవాలని మీకు తెలిసిందే. పది రోజులు పోయేసరికి సగం చేను పసుపు తిరిగిపోయింది. నా కంటికి లోకమంతా పాత కాగితం రంగులో ఉంటే, ఆకు మీద పసుపు ఎక్కడ కనపడుద్ది? అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు.

రిపబ్లిక్ డేకి పిల్లకి డాన్సు ప్రాక్టీసు పెట్టారు. ఆ రోజు బయల్దేరేసరికి ఆరుంపావు, చీకటి పడింది. చిన్నాడు కూడా వస్తానని ఎక్కాడు. కాలవ మలుపు దగ్గర వరిగడ్డి ట్రాక్టర్ ఒకటి టైరు పంచరై ఆగి ఉంది. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కరు లేదు. ఎదురుగా కారు వచ్చింది, దాని లైటు నా కంట్లో విచ్చుకుంది. ఇంక నాకేం కనపడలా. వెనక నుంచి పిల్ల "తాతయ్యా, ట్రాక్టర్!" అని అరిచింది. బ్రేకు నొక్కా. బండి గట్టు మీద గడ్డిలోకి జారి ఆగింది. ట్రాక్టర్‌కీ మాకూ మూరెడు. ఇటుపక్క కాలవ. చిన్నాడి నుదురు హ్యాండిల్‌కి కొట్టుకుని బొప్పి కట్టింది. అంతే. ఇంకేం కాలేదు.

కాళ్లు వణికి కిందనే కూర్చున్నా. "నీకెట్లా కనపడిందే అంత దూరం నుంచి?" అని పిల్లని అడిగా. "నేను రోజూ చూస్తానుగా తాతయ్యా. నీకు కనపడట్లేదని నాకు తెలుసు" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. మూడు నెలల నుంచి అది వెనక కూర్చుని "తాతయ్యా గేదె", "తాతయ్యా గుంట", "తాతయ్యా సైకిలు తాత వస్తున్నాడు" అంటానే ఉంది. ఆడుకుంటోంది అనుకున్నా. ఎనిమిదేళ్ల పిల్ల ఎవరికీ చెప్పకుండా నాకు కన్నుగా కూర్చుంది. నేను దాన్ని బడికి తీసుకెళ్తున్నాననుకున్నా గానీ, అదే మమ్మల్ని ఇంటికి తెస్తోంది.

బండి నడిపించుకుంటూ ఇంటికొచ్చాం. ఆ రాత్రి మా అమ్మాయికి అంతా చెప్పా. అరుస్తుందనుకున్నా. అరవలేదు. చిన్నాడి బొప్పి మీద ఐసు పెట్టింది, బండి తాళం తన బ్యాగులో వేసుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "పద నాన్నా, సెలవు పెట్టా" అంది.

శుక్లం బాగా ముదిరిందన్నారు. రెండో కంట్లో కూడా మొదలైందట. ఫిబ్రవరి మొదటి వారంలో కుడి కంటికి చేశారు. మత్తిచ్చి, పొర తీసి, లోపల చిన్న అద్దం పెట్టారు. సాయంత్రానికి ఇంటికి పంపించేశారు. నొప్పి లేదు. తర్వాత చుక్కల మందు వేళ తప్పకుండా వేసుకోవాలి, కంట్లో నీళ్లు పడకూడదు, బరువులెత్తకూడదు, దుమ్ములోకి పోకూడదు. దీనికా నేను నాలుగు నెలలు భయపడింది అనిపించింది.

కట్టు విప్పిన రోజు మా హాలు గోడ తెల్లగా ఉంది. నేను మీగడ రంగు అనుకుంటున్నా. కొన్నాళ్లకి చేను దగ్గరికి పోయి చూశా. మిగిలిన మినుమంతా ఎంత పాడైందో అప్పుడు కనపడింది. రెండో పంట కింద ఆ అబ్బాయి ఇవ్వాల్సిన డబ్బులో సగం వద్దన్నా. "తెగులు నువ్వు తెచ్చావా బాబాయ్" అన్నాడు. తెగులు తేలేదు, మాట తప్పు చెప్పా. మా ఆవిడ కూడా వదిలెయ్యమంది.

ఇంకో సంగతి బయటపడింది. నా లైసెన్సు 50 నిండిన రోజే అయిపోయింది. ఏడేళ్లు చూసుకోలేదు. గడువు దాటి ఏడాది పైన అయితే మళ్లీ టెస్టు ఇవ్వాలి. డాక్టరు సర్టిఫికెట్ కావాలి. 55 దాటాక ఇచ్చేది ఐదేళ్లకే. ఇంకోటి, బండి మీద నడిపేవాడు కాక ఒక్కరే కూర్చోవాలని చట్టం. నాలుగేళ్లు దాటిన పిల్లలకి కూడా హెల్మెట్ ఉండాలి. నేను ఇద్దర్ని ఎక్కించుకుని, ఒక్క హెల్మెట్ కూడా లేకుండా, లైసెన్సు లేకుండా, ఒంటికన్నుతో తిరిగా. రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

మీలో 50 దాటినవాళ్లు ఇవాళ ఒక పని చేయండి. ఒక కన్ను మూసి గోడ మీద క్యాలెండరు చూడండి, తర్వాత రెండోది మూసి చూడండి. రెండు కళ్లూ తెరిచి ఉంటే మంచి కన్ను చెడ్డ కన్నుని కప్పేస్తుంది. తేడా ఉంటే దాచకండి. జేబులో లైసెన్సు తీసి తేదీ చూసుకోండి. గడ్డి ట్రాక్టర్లు తోలే తమ్ముళ్లూ, వెనక ఒక రేడియం స్టిక్కరు అంటించండి. దాని ఖరీదు ఒక టీ అంత కూడా ఉండదు.

ఇప్పుడు పిల్లలిద్దరూ ఆటోలో పోతున్నారు. ఒంటిపూట బడులు కదా, మధ్యాహ్నం సందు చివరిదాకా నడిచి పోయి తెచ్చుకుంటున్నా. లైసెన్సుకి కాగితాలు పెట్టా. వచ్చాక పిల్లని మటుకు బండి మీద తీసుకెళ్తా, చిన్నాడు ఆటోలోనే. దానికి చిన్న హెల్మెట్ కొన్నాం, గులాబి రంగుది. రంగు నేనే చూసి తీసుకున్నా.

నిన్న అది అడిగింది, "ఇంక నేను గేదె అని చెప్పక్కర్లేదా తాతయ్యా?" అని.

చెప్పమన్నా. ఎడమ కన్ను ఇంకా చేయించుకోవాలిగా.