చాంద్రాయణగుట్ట నుంచి రావిర్యాల దాకా

ఆదివారం ఆరాధన ముగిసి పెద్దలు ఇళ్లకు వెళ్లిన తరువాత మా మందిరం వాకిట్లో వేపచెట్టు కింద మరో కూటం జరుగుతుంది. దానికి అధ్యక్షుడు లేడు. ప్రసంగం మాత్రం అందరూ చేస్తారు. పదేళ్లు మొదలు పద్దెనిమిదేళ్ల దాకా ఉన్న మా చాంద్రాయణగుట్ట మగపిల్లలు సైకిళ్లు ఆనించుకుని, ఒకే విషయాన్ని వారం వారం మాట్లాడుకుంటారు. రావిర్యాలలోని వండర్‌లా పార్కులో ఏ రైడ్ మంచిది, ఏది పాతబడింది, కొత్తగా ఏమి వచ్చింది, చెన్నైలో వచ్చినది ఇక్కడికి ఎప్పుడు వస్తుంది, ఇదే వారి ముచ్చట.

"రికాయిల్ ముందట ఏదీ పనికిరాదు. ముందుకు పోయి మల్ల ఎనుకకు అస్తది" అంటాడు ఒకడు. "మిషన్ ఇంటర్‌స్టెల్లర్ చూసినవా నువ్వు? కుర్చీల కూసుంటే ఆకాశంల తిరిగినట్టు ఉంటది" అంటాడు ఇంకొకడు. "చెన్నైల పట్టాల కింద బండి వేలాడుతదంట, కాళ్ల కింద ఏమీ ఉండదంట" అని మూడోవాడు చేతులతో చూపిస్తాడు. తమాషా ఏమిటంటే, వీళ్లలో సగం మంది ఆ పార్కు గేటు కూడా చూడలేదు. చూసినవారి మాటలు విని చూడనివారు వాదిస్తారు. అయినా ఏ రైడ్ ఎంత ఎత్తు, ఎన్నిసార్లు తలకిందులు చేస్తుంది అన్నది వాళ్లకు ఎక్కాల పుస్తకంలా కంఠతా వచ్చు.

"అయ్యగారూ, మమ్ముల తీసుకపోరా?" అని అడిగారు. కాదనలేకపోయాను.

కమిటీలో మాట పెడితే ఇద్దరు పెద్దలు ఒప్పుకోలేదు. పిల్లలను అంత ఖర్చు పెట్టి ఆటలకు తీసుకువెళ్లడం సంఘం పనేనా అన్నారు. ఒక్కొక్కరి టిక్కెట్టు వెయ్యి రూపాయలు దాటుతుంది. ఆటో నడిపే తండ్రికి, నాలుగిళ్లలో పనిచేసే తల్లికి అది చిన్న మాట కాదు. వారి అభ్యంతరంలో న్యాయం ఉంది. చివరకు సంఘం డబ్బు ముట్టకుండా, ఇవ్వగలిగిన కుటుంబాలు ఇవ్వలేని కుటుంబాల బిడ్డకు సగం కలిపేటట్లు ఒప్పందం జరిగింది. కల్వకుర్తి వైపున మా స్వగ్రామం నుంచి కూడా ఎనిమిది మంది పిల్లలు ముందు రోజు రాత్రే బస్సు దిగి మా ఇంట్లో పడుకున్నారు. పడుకున్నారు అనడం కన్నా తెల్లవార్లూ మాట్లాడుకున్నారు అనడం సబబు.

ఆ పెద్దలకు నేను ఒక సంగతి చెప్పాను. మీకూ చెబుతాను. ఈనాటి రోలర్ కోస్టర్లకు దారి తీసినవారిలో ముఖ్యుడు అమెరికాలోని లామార్కస్ థాంప్సన్ అనే మేజోళ్ల వ్యాపారి. ఆయన భక్తిగల మనిషి అనీ, సెలవు రోజున జనం సారా దుకాణాలకూ చెడు ఇళ్లకూ పోవడం చూడలేక, కుటుంబమంతా కలిసి కూర్చోదగిన శుభ్రమైన వినోదం కల్పించాలని తలచాడనీ చెబుతారు. 1884 జూన్‌లో న్యూయార్క్ దగ్గర కోనీ ఐలాండ్ సముద్రపు ఒడ్డున ఎగుడుదిగుడు పట్టాల మీద బండి నడిపాడు. టిక్కెట్టు 5 సెంట్లు. వేగం గంటకు సుమారు 10 కిలోమీటర్లు, అంటే మన సైకిలు కన్నా నెమ్మది. అయినా జనం బారులు తీరారు. అదే 1884లో మా గుట్టకు దగ్గరలోనే ఫలక్‌నుమా ప్యాలెస్‌కు పునాది పడింది. ఇక్కడ నవాబు విలాసానికి కొండమీద మేడ లేస్తుంటే, అక్కడ కూలివాడు కూడా 5 సెంట్లకు కొండ ఎక్కి దిగే ఏర్పాటు జరిగిందన్నమాట. ఈ మాట విన్న తరువాత ఒక పెద్దాయన తన మనవడి పేరు కూడా రాసుకోమన్నారు.

మా పాతబస్తీ వారికి వినోదం కొత్త కాదు. మాకు దగ్గరలోనే మీరాలం చెరువు పక్కన నెహ్రూ జూ పార్కు ఉంది. 1963 అక్టోబరు 6న తెరిచారు. 380 ఎకరాలు. అందులో చిన్న రైలు ఎక్కని పాతబస్తీ బిడ్డ ఉండడు. ఏటా జనవరి 1న మొదలయ్యే నాంపల్లి నుమాయిష్ ఇంకొకటి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా పుట్టి, 1946లో ఇప్పటి మైదానానికి మారింది. జెయింట్ వీల్ ఎక్కడానికీ, బావి గోడల మీద మోటారు సైకిలు నడిపే మనిషిని చూడడానికీ తండ్రి భుజాల మీద కూర్చుని వెళ్లిన తరాలు ఉన్నాయి. తరువాత 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2004లో స్నో వరల్డ్ వచ్చాయి. కేరళకు చెందిన వండర్‌లా వారు కొచ్చిలో 2000లోనూ, బెంగళూరులో 2005లోనూ పార్కులు పెట్టి, 2016 ఏప్రిల్‌లో మన రావిర్యాలకు వచ్చారు. 2024లో భువనేశ్వర్‌లో, 2025 డిసెంబరులో చెన్నైలో తెరిచారు. వేపచెట్టు కింది వాదాలకు మూలం ఇదే.

మా ప్రయాణం ఉదయం ఎనిమిదిన్నరకు మొదలైంది. చాంద్రాయణగుట్ట చౌరస్తా అంటే తెలియనివారికి చెబుతున్నాను, శ్రీశైలం దారి, ఎయిర్‌పోర్టు దారి, ఫలక్‌నుమా నుంచి వచ్చే దారి కలిసి తోసుకునే చోటు అది. 2022లో ఫ్లైఓవర్ పొడిగించిన తరువాత కొంత ఊపిరి వచ్చింది. ఎంజీబీఎస్ నుంచి ఇక్కడి దాకా మెట్రో రైలుకు 2024 మార్చిలో ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. పక్కనే కేశవగిరి గుట్ట, దాని మీద గుడి. కాస్త ముందుకు పోతే బార్కాస్. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల బారకాసుల వల్ల ఆ పేరు వచ్చింది. నేటికీ అక్కడ లుంగీ కట్టిన అరబ్బు తాతలు కనిపిస్తారు, మండీ అన్నం దొరుకుతుంది. బార్కాస్ జామపండ్ల రుచి ఎరిగినవారు ఇంకో జామపండు మెచ్చరు. పిల్లలకు ఒక బుట్ట కొన్నాను. పహాడీ షరీఫ్ దర్గా గుట్ట దాటి, తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగు రోడ్డు పట్టుకునే సరికి బుట్ట ఖాళీ అయింది.

పార్కు లోపలికి పోగానే నగరం పిల్లలు ఒక దిక్కుకు, ఊరి పిల్లలు ఒక దిక్కుకు లాగారు. నగరం పిల్లలకు ఎత్తు కావాలి. ఊరి పిల్లలకు నీళ్లు కావాలి. అలల కొలనులో బూర ఊదగానే నీరు పొంగి వచ్చినప్పుడు, సముద్రం ఎన్నడూ చూడని ఆ బిడ్డలు కేక వేసిన తీరు నాకు ఇంకా చెవుల్లో ఉంది. బోరు ఎండిన పొలాల నుంచి వచ్చిన పిల్లలు వాళ్లు. "ఇంత నీళ్లు ఎవరి పొలానికి పోతయి అయ్యగారూ?" అని ఒకడు అడిగాడు. నేను నవ్వాను గాని, ఆ ప్రశ్న నవ్వదగినది కాదని తరువాత అనిపించింది.

మధ్యాహ్నం రికాయిల్ దగ్గరకు చేరాము. వాళ్లు అంతకాలం వాదించుకున్న ఆ రైడ్ ఎలా పనిచేస్తుందో నాకూ అప్పుడే అర్థమైంది. ఇది బూమరాంగ్ తరహా రైడ్. నెదర్లాండ్స్‌లోని వెకోమా కంపెనీ 1984 నుంచి ఈ తరహా తయారుచేస్తున్నది. బండికి ఇంజను లేదు. ముందుగా ఒక కేబులు బండిని వెనుకవైపు నుంచి సుమారు 35 మీటర్ల ఎత్తుకు, అంటే పదంతస్తుల మేడ అంత పైకి లాగి వదిలిపెడుతుంది. అక్కడి నుంచి అంతా భూమి ఆకర్షణే. కిందికి దూకిన బండి ఆ ఊపుతోనే మూడుసార్లు తలకిందులై, ఎదురుగా ఉన్న రెండో ఎత్తు ఎక్కుతుంది. అక్కడ గొలుసు పట్టి ఇంకా పైకి లాగి మళ్లీ వదులుతుంది. ఈసారి వీపు ముందుగా అదే దారిలో తిరిగి వస్తుంది. మన ఊళ్లో చింతకొమ్మకు కట్టిన ఊయల ఏ సూత్రం మీద ఊగుతుందో ఇదీ అదే సూత్రం.

తలకిందులైనా మనిషి పడడు ఎందుకని పిల్లలు అడిగారు. నీళ్ల చెంబును గిరగిరా తిప్పితే నీరు ఒలకదు గదా, వేగం ఉన్నంతసేపూ అంతే. అయితే వేగం ఒక్కటే నమ్మదగినది కాదు. 1895లో కోనీ ఐలాండ్‌లో చుట్టూ సరిసమానంగా గుండ్రంగా ఉండే వలయం కట్టారు. అందులో కూర్చున్నవారికి మెడలు పట్టేశాయి. ఇప్పుడు వలయాన్ని నీటిబొట్టు ఆకారంలో, పైన ఇరుకుగా, కింద వెడల్పుగా కడతారు. దానివల్ల ఒంటి మీద బరువు ఒక్కసారిగా పడదు. దానికి తోడు భుజాల మీదుగా దిగి తాళం పడే కమ్మీ ఉంటుంది. ఆ కమ్మీ సరిపోవాలంటే కూర్చున్నవాని ఒళ్లు దానికి సరిపోవాలి. అందుకే వరుస మొదట్లో ఎత్తు కొలిచే గీత ఉంటుంది.

ఆ గీత దగ్గరే మా ఊరి బిడ్డ ఒకడు ఆగిపోయాడు. ఏడో తరగతి. తండ్రి లేడు. తల్లి పత్తి ఏరిన కూలి డబ్బులో తన వంతు కట్టి పంపింది. వాని తల గీతకు ఒక వేలెడు కిందికే ఉంది. మడమలు ఎత్తాడు. అక్కడున్న అమ్మాయి మెల్లగా వాని భుజం మీద చెయ్యి వేసి కిందికి దించింది. వాని కళ్లలో నీళ్లు తిరిగాయి. తోటివాళ్లు లోపలికి వెళ్లిపోతున్నారు.

నేను ముందుకు వెళ్లి, "అమ్మా, వేలెడే గదా తేడా, పిల్లవాడు చాలా దూరం నుంచి వచ్చాడు, కొంచెం చూడమ్మా" అని బతిమాలాను. పక్కనున్నవారు కూడా నా వైపే మాట్లాడారు. ఆమెకు ఇరవై రెండేళ్లకు మించి ఉండవు. "సార్, గీత నేను గీసింది కాదు. కమ్మీ వాని సైజుకు కాదు. నేను ఒప్పుకున్నా అది ఒప్పుకోదు" అన్నది. ఎంతో మర్యాదగా అన్నది. నాకు ముఖం మాడిపోయింది. నలుగురిలో నా మాట చెల్లలేదని కాదు. ఆ మాటలు నేను అంతకు ముందు ఒకసారి అన్నవే అని గుర్తుకు వచ్చింది.

1991లో మా ఊరికి దగ్గరలో జరిగే జాతరకు తమ్ముణ్ణి తీసుకువెళ్లాను. నాకు పదకొండేళ్లు, వాడికి ఐదేళ్లు. చేత్తో తిప్పే చెక్క రంగులరాట్నం. తిప్పేవాడు "చిన్నోడు వద్దు" అన్నాడు. నేనే బతిమాలాను. "గట్టిగ పట్టుకుంటడు, కొంచెం చూడన్నా" అన్నాను. ఆ మనిషి జాలిపడి ఎక్కించుకున్నాడు. తొట్టె పైకి వెళ్లి వంగగానే వాడు ముందుకు జారాడు. నేను చొక్కా పట్టుకున్నాను, అది చినిగి నా చేతిలో మిగిలింది. ప్రాణానికి ప్రమాదం తప్పింది గాని మోచెయ్యి మూడు చోట్ల విరిగింది. కట్టు కట్టించాం. సరిగా అతకలేదు. ఈనాటికీ మా తమ్ముని కుడిచెయ్యి పూర్తిగా చాపుకోదు. వాడు ఎన్నడూ నన్ను ఒక్క మాట అనలేదు. ఎవరైనా అడిగితే "చిన్నప్పుడు పడ్డాను" అంటాడు, అంతే.

ముప్పై ఏళ్లు దాటిన తరువాత, ఇంకొకరి బిడ్డ కోసం నేను అదే మాటలు అన్నాను. జాలి చూపమన్నాను. ఆ రోజు తిప్పేవాడు చూపింది జాలే. ఈ అమ్మాయి 'వద్దు' అనడంలోనే ఎక్కువ ప్రేమ ఉందని నాకు తెలిసింది.

ఆ పిల్లవాణ్ణి తీసుకుని నేను బల్ల మీద కూర్చున్నాను. నా తమ్ముని సంగతి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీ తమ్ముడు బువ్వ ఎట్ల తింటడు?" అని అడిగాడు. "ఎడమచేత్తో" అన్నాను. "నేను వచ్చే సంవత్సరం పెరుగుత గద" అన్నాడు. ఇద్దరం లేచి మళ్లీ అలల కొలనుకు వెళ్లాము.

ప్రియ చదువరులారా, మీ ఊళ్లకు జాతరలు వస్తాయి, ఎగ్జిబిషన్లు వస్తాయి. పెద్ద పార్కులకు రాలేని బిడ్డలు వాటిలోనే ఎక్కుతారు, ఎక్కాలి కూడా. అయితే 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు చనిపోయారు. 2022 సెప్టెంబరులో మొహాలీ ఎగ్జిబిషన్‌లో పైకి లేచిన రైడ్ ఒక్కసారిగా కిందపడి పలువురు గాయపడ్డారు. 2025 జనవరిలో మన నుమాయిష్‌లోనే ఒక రైడ్ ఆగిపోయి జనం చాలాసేపు తలకిందులుగా వేలాడారు. కాబట్టి బిడ్డను ఎక్కించే ముందు కొంచెం ఆగండి. ఖాళీగా ఒకసారి తిప్పి చూస్తున్నారా? కాళ్ల కింద ఇటుక ముక్కలు పెట్టి నిలబెట్టారా, గట్టి పునాది ఉందా? సీటు కమ్మీకి తాళం పడుతుందా, తాడుతో కట్టారా? కరెంటు తీగలు తడి నేల మీద పడి ఉన్నాయా? తిప్పేవాడు తాగి ఉన్నాడా? ఒక్కటి సందేహంగా ఉన్నా, బిడ్డ ఏడ్చినా సరే, వేరుశనగ కాయలు కొనిచ్చి ఇంటికి తీసుకురండి. ఎక్కడైనా ఎవరైనా 'వద్దు' అంటే, దయచేసి నాలాగా బతిమాలకండి.

మొన్న ఆదివారం వేపచెట్టు కింద మళ్లీ వాదం జరిగింది. రికాయిల్ ఎక్కినవారు ఇప్పుడు పెద్దమనుషులు. వారి మాటకు తిరుగులేదు. ఊరి నుంచి ఆ పిల్లవాడు మా ఇంటికి ఫోను చేయించాడు. ఇంటి గుమ్మం మీద బొగ్గుతో గీత గీశాడట. ప్రతి శనివారం వాళ్లమ్మ వాని ఎత్తు కొలుస్తున్నదట.

"ఇంక అర వేలే ఉంది అయ్యగారూ" అన్నాడు.