మెఱుగు పెట్టడం

“మెఱుగు” అన్న మాటను పాత నిఘంటువులు శకటరేఫంతోనే రాస్తాయి. ఆ శకటరేఫాన్ని చిన్ననాడు మనమంతా ‘బండి ఱ’ అని నేర్చుకున్నవాళ్ళమే. అంటే మెఱుగులోనే బండి ఉన్నదన్నమాట! ముప్ఫై మూడేళ్ళు సంధులూ సమాసాలూ చెప్పిన తెలుగు పండితుడు, పదవీ విరమణ చేసిన పిదప కార్లకు మెఱుగు పెట్టే యంత్రం చేతబట్టాడేమిటని ఆశ్చర్యపడే మిత్రులకు నేను చెప్పే మొదటి సమాధానం ఇది. రెండవ సమాధానం కొంచెం పెద్దది. అందుకోసమే ఈ నాలుగు మాటలు.

మెఱుగు పెట్టడమంటే పైన ఏదో పూయడమని చాలామంది అనుకుంటారు. మైనం పూయడం వేరు, మెఱుగు పెట్టడం వేరు. మొదటిది చేర్చడం, రెండవది తీయడం. నేటి కార్లలో ఇనుపరేకు మీద ప్రైమరు, దానిమీద రంగు, అన్నిటికీ పైన రంగులేని పారదర్శకమైన పొర ఒకటి ఉంటాయి. ఆ పై పొరనే క్లియర్ కోట్ అంటారు. కర్మాగారంలో వేసిన పొరలన్నీ కలిపి సాధారణంగా నూరు నుంచి నూటయాభై మైక్రాన్ల మందం. అందులో క్లియర్ కోట్ వాటా నలభై, యాభై. మన తలవెంట్రుక మందం సుమారు డెబ్భై మైక్రాన్లు. అంటే కారు అందమంతా వెంట్రుకకన్నా పలుచని పొరలో ఉన్నది. ఎండలోని అతినీలలోహిత కిరణాలనుంచి రంగును కాపాడేదీ ఆ పొరే.

ముదురురంగు కారును ఎండలో నిలిపి చూడండి. సూర్యబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు కనిపిస్తాయి. పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము దులపడం మన ఊళ్ళలో ఆచారం కదా! ఆ దుమ్ములోని ఇసుకరేణువులే ఈ గీతలు గీసేది. గీత అంచుల దగ్గర వెలుతురు చెదిరిపోతుంది, రంగు మసకబారుతుంది. మెఱుగు పెట్టినప్పుడు గీత పూడదు. గీత అడుగువరకు చుట్టూ ఉన్న పొర అరిగి సమతలమవుతుంది. సానబట్టిన రత్నం కాంతి పెరిగి తూకం తగ్గినట్టే.

ఈ పనికి ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరు పెయింట్ కరెక్షన్. తెలుగులో చక్కగా ‘దిద్దుబాటు’ అనవచ్చు. ఆ మాట వినగానే ఇది నా వృత్తేనని నాకనిపించింది. వ్యాసం దిద్దేటప్పుడు ఎఱ్ఱసిరా ఎక్కువైతే పిల్లవాడి మాట మిగలదు, పంతులుగారి మాటే మిగులుతుంది. ఏది దిద్దాలో తెలిసినవాడు ఉపాధ్యాయుడు. ఏది వదిలేయాలో కూడా తెలిసినవాడు మంచి ఉపాధ్యాయుడు.

ఇక యంత్రం సంగతి. స్థూలంగా ఇవి మూడు రకాలు. మొదటిది రోటరీ. కుమ్మరిసారెలా ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. పెయింటింగ్ షెడ్లలో ‘రబ్బింగ్’ కొట్టేది సాధారణంగా దీనితోనే. పని వేగంగా అవుతుంది, అయితే వేడి ఒకేచోట పుడుతుంది. అంచుల దగ్గర ఒక్క క్షణం ఆగితే చాలు, పొర కాలి రంగు బయటపడుతుంది. చేయి తిరగనివాడు పట్టుకుంటే ఎండలో కదిలే నీడల వంటి జాడలు మిగులుతాయి. రెండవది డ్యూయల్ యాక్షన్. ఇది భూమి వంటిది. తనచుట్టూ తాను తిరుగుతూ చిన్న కక్ష్యలోనూ తిరుగుతుంది. అందువల్ల వేడి ఒకచోట నిలవదు. బలంగా అదిమితే భ్రమణం తనంతట తానే ఆగిపోతుంది. మూడవది రెండు కదలికలనూ పళ్ళచక్రాలతో బిగించినది, అదిమినా ఆగదు. పని గట్టిదే, పట్టుకునే మణికట్టూ గట్టిదై ఉండాలి.

ఇంట్లో సరదాకు చేసుకునేవారికి నా సలహా రెండవదే. అదిమితే ఆగిపోవడం లోపమని కొందరంటారు. నాకు మాత్రం అది యంత్రానికి పెట్టిన బుద్ధిలా తోస్తుంది.

కొనేముందు చూడవలసినది కక్ష్య కొలత. ఎనిమిది మిల్లీమీటర్లదీ, పదిహేనుదీ, ఇరవైఒకటిదీ దొరుకుతాయి. కక్ష్య పెద్దదైతే బానెట్టు, పైకప్పు వంటి సమతలాల మీద పని తొందరగా సాగుతుంది. వంపుల దగ్గర మాత్రం ప్యాడ్ తిరగక మొరాయిస్తుంది. మన చిన్నకార్లలో వంపులే ఎక్కువ కనుక పదిహేనుతో అయిదంగుళాల ప్యాడ్ చాలు. రెండవది బరువు. దుకాణంలో రెండు నిమిషాలు ఎత్తి పట్టుకుంటే తెలియదు. తలుపును నిలువుగా రెండు గంటలు దిద్దితే భుజమే చెబుతుంది. మూడవది వోల్టులు. అమెరికాలో ఉన్న పిల్లలచేత తెప్పించుకోవాలని మనవాళ్ళకు సహజంగానే తోస్తుంది. అక్కడిది 120 వోల్టుల యంత్రం, ఇక్కడ గోడలో వచ్చేది 230. మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవాలి. ఆ తద్ధినం కన్నా ఇక్కడిది కొనుక్కోవడమే సుఖం.

వాడే పద్ధతికి వస్తాను. ముందు కారును బాగా కడగాలి. తరవాత తడి మీద క్లే బార్ అనే మెత్తని మట్టిముద్దతో మెల్లగా పామి, కంటికి కనబడని గరుకంతా తీయాలి. గరుకు మీద యంత్రం పెడితే ఇసుకతో రుద్దినట్టే. రబ్బరుపట్టీలకూ, అంచులకూ టేపు అంటించాలి. మన ఎండలకు రేకు కాలిపోతుంటుంది. మందు ఎండి పొడిపొడిగా రాలుతుంది. అందుచేత వేసవిలో ఉదయం ఎనిమిదిలోపు, నీడలో, రేకు చేతికి చల్లగా తగిలేటప్పుడే పని. చెవులకూ ముక్కుకూ రక్షణ పెట్టుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం పరీక్ష. రెండడుగుల చదరం ఒకటి ఎంచుకుని, అన్నిటికన్నా మెత్తని స్పాంజి ప్యాడ్, అన్నిటికన్నా సున్నితమైన పాలిష్‌తో మొదలుపెట్టాలి. ప్యాడ్ మీద బఠాణీగింజంత నాలుగు చుక్కలు చాలు. యంత్రం ఆన్ చేయకముందే ప్యాడ్‌ను రేకుకు ఆనించాలి. లేకపోతే చుక్కలు గోడ మీద చిత్రలేఖనమవుతాయి. సెకనుకు ఒక అంగుళం చొప్పున నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పేటట్టు నడపాలి. ప్యాడ్ వెనుక పళ్ళెం అంచున స్కెచ్ పెన్నుతో ఒక గీత పెట్టుకుంటే, అది తిరుగుతున్నదో ఊరికే వణుకుతున్నదో కనబడుతుంది. పని అయ్యాక పాలిష్‌లోని నూనె గీతలను దాచివేస్తుంది కనుక, నీళ్ళు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, టార్చిలైటు వేసి నిజం చూసుకోవాలి. చాలకపోతేనే ఒక మెట్టు గట్టి మందు. పలకరింపుతో పోయే తప్పుకు బెత్తం ఎందుకు?

ఇదంతా నాకు పరీక్షకు వచ్చిన సందర్భం ఒకటి చెబుతాను. నాతో పాతికేళ్ళు పనిచేసిన లెక్కల మాస్టారు కాలం చేశారు. 2012లో కొన్న ఆయన ముదురునీలం చిన్నకారు రెండేళ్ళు వాకిట్లోనే పడివుంది. 2024 కార్తికంలో ఆయన భార్య కబురు చేసింది. “అమ్మేద్దామనుకుంటున్నాం అన్నయ్యగారూ. కాస్త మంచి ధర వచ్చేటట్టు చేయగలరా?” అన్నది. అడగలేదు గాని, ఆ డబ్బు అవసరం ఇంట్లో కనబడుతూనే ఉన్నది.

మందం కొలిచే మీటరుతో కారంతా చూశాను. తలుపులు, పైకప్పు నూటపది దగ్గర ఉన్నాయి. బానెట్టు నడుమ డెబ్భైతొమ్మిది. ఈ మీటరు మొత్తం మందాన్నే చెబుతుంది గాని క్లియర్ కోట్ ఎంత మిగిలిందో విడిగా చెప్పదు. అయినా ఆ తేడా చాలు. ఎవరో ఎప్పుడో రోటరీతో బాగా అరగదీశారు. అక్కడే ఒక లోతైన గీత ఉన్నది. దాన్ని తీయబోతే గీతతోపాటు పొరే పోవచ్చు. కార్ల బేరాలు చేసే ఒకాయన, “గ్లేజ్ పూయండి మాస్టారూ, నిండిపోతుంది. నాలుగు కడుగుళ్ళదాకా ఎవరికీ తెలియదు” అన్నాడు. అది నిజమే. అయిదో కడుగుడుకు తెలుస్తుందన్నదీ నిజమే.

డ్రైవరు తలుపు పిడి వెనుక గుంటలో ఇంకొన్ని గీతలున్నాయి. ఆయన వేలి ఉంగరం పదేళ్ళు గీసినవి. వాటిని ఉంచమంటుందేమోనని ముందుగా అడిగాను. “ఏం చేయమంటావమ్మా?” ఆవిడ వంగి కాసేపు చూసింది. “తీసేయండి అన్నయ్యగారూ. కొనేవాళ్ళకి ఆయన గీతలెందుకు?” అన్నది. ఆ గుంటలో యంత్రం పట్టదు. గుడ్డ వేలికి చుట్టుకుని చేతితోనే దిద్దాను. సన్నవి పోయాయి. ఒకటి రెండు గోటికి తగిలే లోతువి, వాటిని వదిలేశాను.

రెండు ఉదయాలు పట్టింది. నీలం మళ్ళీ నీలమయింది. బానెట్టు నడుమ మాత్రం యంత్రం పెట్టలేదు. కడిగి మైనం పూసి ఊరుకున్నాను. కొనడానికి వచ్చిన అబ్బాయికి ఆ గీతను నేనే చూపించి, మీటరు అంకె కూడా చెప్పాను. అతడు అయిదువేలు తగ్గించాడు. నా మనసు చివుక్కుమన్నది. ఆవిడ మాత్రం తల ఊపి తాళాలు తెచ్చి ఇచ్చింది.

బండి ఎక్కబోతూ ఆ అబ్బాయి, “ఏ మిషను వాడారండీ? నేనూ ఒకటి కొనుక్కుందామని” అన్నాడు. పదిహేను మిల్లీమీటర్ల డ్యూయల్ యాక్షన్ అని చెప్పి, పొడిగుడ్డతో దులపవద్దన్నాను. “బానెట్టు జోలికి మాత్రం పోకు నాయనా. అక్కడ తీయడానికి ఇక ఏమీ మిగల్లేదు” అన్నాను.