మూడు రోహిణులు, ఒక మిద్దె తోట

తెలుగు రైతుకు రోహిణి అంటే కార్తె. మే 25 ప్రాంతంలో మొదలై జూన్ మొదటి వారం దాకా ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. ఉత్తరాదిలో ఈ కాలంలోని మొదటి తొమ్మిది రోజుల్ని నౌతపా అంటారు. ఢిల్లీలో ఉండేవారికి రోహిణి అంటే నగరానికి వాయవ్యాన డీడీఏ వెలయించిన ఉపనగరం. మేముండేది అక్కడే. ఇక బౌద్ధులకు రోహిణి అంటే శాక్యులకూ కోలియులకూ మధ్య పారిన నది. నక్షత్రాల ప్రభావాన్ని మేము నమ్మం గానీ, ఎండను కాదనలేం కదా! అందుకే ఈ మూడు రోహిణుల గురించీ మా మిద్దె తోట దగ్గర నిలబడి నాలుగు మాటలు రాస్తున్నాం.

మాది నాలుగంతస్తుల భవనం. ఎనిమిది కుటుంబాలకు ఒకటే మిద్దె. దాని మీద తూర్పు వైపున మావి 38 కుండీలున్నాయి. ఈ జూన్ నడిమికి వాటి సంగతి ఇది. గోంగూర, తోటకూర ఎండను లెక్కచేయడం లేదు. వారానికి రెండుసార్లు కోస్తున్నాం. బెండ బాగానే కాస్తోంది గానీ రెండు మొక్కల ఆకుల ఈనెలు పసుపెక్కాయి. అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి మందు లేదు గనుక ఆ రెండింటినీ పీకేశాం. టమాటా మొక్కలు బతికే ఉన్నా పూత నిలవడం లేదు. పగలు మండిపోయి రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి పనికిరాకుండా పోతుంది. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఇంత ఎత్తుకు చిమ్మటలు సరిగా రావు కాబట్టి, మగపువ్వు తుంచి ఆడపువ్వుకు మేమే అద్దుతున్నాం. ఇప్పటికి ఐదు కాయలు దిగాయి. మందారానికి పిండినల్లి పట్టింది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి పొద్దువాలాక కొడుతున్నాం. ఎండలో కొడితే ఆకు మాడిపోతుంది. మల్లె మాత్రం ఎండ ముదిరేకొద్దీ పూస్తోంది.

కుండీల మీద పచ్చ నీడవల కట్టాం. మట్టి పైన ఎండు వేపాకు రెండంగుళాల మందాన పరిచాం. నీళ్లు పొద్దున ఆరులోపు, మళ్లీ సూర్యాస్తమయం తర్వాత. "మొదలు తడపండమ్మా, ఆకును కాదు. ఆకు మీద పోస్తే మీకు తృప్తి, మొక్కకు దప్పిక" అంటుంది అమ్మ మనవరాలితో.

అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. గుంటూరు జిల్లాలో నలభై ఏళ్లు ఇతరుల చేలల్లో నాట్లు వేసింది, కలుపు తీసింది, మిరపకాయలు కోసింది. తనదని చెప్పుకునే సెంటు నేల ఎన్నడూ లేదు. ఢిల్లీకి వచ్చేటప్పుడు చీర కొంగున గోంగూర విత్తనాలు ముడి వేసుకొచ్చింది. తాను విత్తింది తానే కోసుకోవడం ఆమెకు ఈ మిద్దె మీదే మొదలు. కాబట్టి ఈ 38 కుండీలు మా ఇంట్లో కాలక్షేపం కాదు.

2024 వేసవిలో ఈ తోట పోయేదే. ఆ మే 29న సఫ్దర్‌జంగ్‌లో 46.8 డిగ్రీలు నమోదైంది. నగరమంతా ట్యాంకర్ల వెంట బిందెలు పట్టుకుని పరుగెత్తింది. పైపుతో కార్లు కడిగి నీరు వృథా చేస్తే 2000 రూపాయల జరిమానా అని ఢిల్లీ ప్రభుత్వం ప్రకటించింది. మా భవనం ట్యాంకు రెండు రోజులు అడుగంటింది. మూడో రోజు కింది అంతస్తువారు పైకొచ్చి, మనుషులకు లేని నీళ్లు మీ మొక్కలకు ఎక్కడివి, వీటిని తీసేయండి అన్నారు. అప్పటికి మావి 60 కుండీలు. అమ్మ ఏమీ అనలేదు. ఊళ్లో మంచినీళ్ల బావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరైనా తోడి పోస్తే పట్టుకున్న మనిషి ఆమె. నీళ్ల దగ్గర మాట పడటం ఆమెకు కొత్త కాదు. అయినా అడిగినవారి ప్రశ్న అన్యాయమైనది కాదు. వారింట్లో పసిబిడ్డ ఉంది.

ఇక్కడే మూడో రోహిణి గుర్తుకొచ్చింది. బాబాసాహెబ్ అంబేద్కర్ పరినిర్వాణం తర్వాత 1957లో వెలువడిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో సిద్ధార్థుడి గృహత్యాగానికి కారణం ముసలివాడూ రోగీ శవమూ కాదు, రోహిణీ నది నీటి తగాదా. ముందు కొట్టుకున్నది రెండు వైపుల సేవకులు. తర్వాత శాక్య సేనాపతి యుద్ధం చేద్దామన్నాడు. సిద్ధార్థుడు సంఘంలో లేచి వేరే దారి చెప్పాడు. మన వైపు నుంచి ఇద్దరు, వారి వైపు నుంచి ఇద్దరు, ఆ నలుగురూ కలిసి ఎన్నుకున్న ఐదో మనిషి, ఈ ఐదుగురూ తగవు తీర్చాలన్నాడు. సంఘం ఒప్పుకోలేదు. ఆయన ఇల్లు విడిచాడు. ఎవరి తగాదాకు వారే తీర్పరి కాకూడదన్నది లా కాలేజీలో మేము మొదట నేర్చుకున్న సూత్రం. ఆ సూత్రమే ఈ ప్రతిపాదనలోనూ ఉంది.

మేము దాన్నే భవనంలోవారి ముందు పెట్టాం. మొక్కలున్న ఇళ్ల నుంచి ఇద్దరు, లేని ఇళ్ల నుంచి ఇద్దరు కూర్చున్నారు. ఐదో మనిషిగా నేల అంతస్తులో ఉండే రిటైర్డ్ టీచరమ్మను ఎన్నుకున్నారు. కూరగాయలైతే సరే, పూలెందుకని ఒకరు అడిగారు. అప్పుడు అమ్మ నోరు విప్పింది. "పువ్వు లేకపోతే తేనెటీగ రాదు నాయనా, అది రాకపోతే మీ కాకరకాయా రాదు." మా అమ్మాయి హిందీలో చెప్పింది. నవ్వులు విరిశాయి.

తీర్పు ఇలా వచ్చింది. మే 15 నుంచి వానలు పడేదాకా ట్యాంకు నీరు చుక్క కూడా కుండీలకు పోయరాదు. అందుకు బదులు ఎనిమిది ఇళ్లవారూ వాడిన నీటిని రెండు డ్రమ్ముల్లో పోయాలి. కుండీలు 40 దాటకూడదు. కాసిన కూరగాయలు నీరిచ్చిన ఇళ్లకూ చెందాలి. లీటరు మంచినీరిచ్చే ఆర్‌వో యంత్రం రెండు మూడు లీటర్లు బయటకు వదులుతుంది. అందులో ఉప్పు ఎక్కువ. అదొక్కటే పోస్తే కుండీ అంచున తెల్లగా పేరుకుంటుంది. బియ్యం, కూరగాయలు కడిగిన నీరు, ఏసీ నుంచి కారే నీరు కలిపితే ఆ ఉప్పు పలచబడుతుంది. పొడి ఎండల్లో ఏసీ నీరు తక్కువ. జూన్ చివర గాలిలో తేమ పెరిగాక బకెట్ నిండుతుంది.

ఆ ఏడాది ఇరవైకి పైగా కుండీలు పంచేశాం. వాటిలో నాలుగు మల్లెలు. అమ్మకు బాధగానే ఉండింది. అందరూ క్రమం తప్పకుండా నీళ్లు పోస్తున్నారనీ చెప్పలేం, ఒక ఇల్లు ఇప్పటికీ పోయదు. కానీ కింది అంతస్తు పసిబిడ్డకు ఇప్పుడు మూడేళ్లు. బెండకాయ కోయడానికి పైకొస్తుంది.

అదే 2024 జూన్ 6న ఢిల్లీ కోసం 137 క్యూసెక్కులు విడుదల చేయాలని హిమాచల్ ప్రదేశ్‌ను సుప్రీంకోర్టు ఆదేశించింది. తమ దగ్గర మిగులు నీరు లేదని ఆ రాష్ట్రం తర్వాత చెప్పింది. చివరికి కోర్టు ఢిల్లీని అప్పర్ యమునా రివర్ బోర్డు దగ్గరకే వెళ్లమంది. 1994 మే 12న ఐదు రాష్ట్రాలు కుదుర్చుకున్న ఒప్పందంతో పుట్టిన బోర్డు అది. అంతకు కొన్ని నెలల ముందు, 2023 నవంబరు చివర, నాగార్జునసాగర్ గట్టు మీద రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. నది పెద్దదైనా ట్యాంకు చిన్నదైనా, నీళ్లు తగ్గినప్పుడు కూర్చుని మాట్లాడే చోటు ముందే ఉండాలి. తగాదా ముదిరాక ఆ చోటు వెతికితే దొరకదు.

ఢిల్లీకి రుతుపవనాలు మామూలుగా జూన్ 27 ప్రాంతంలో వస్తాయి. అవి రాగానే నీడవల విప్పాలి, కుండీల అడుగు రంధ్రాలు పొడిచి చూడాలి. 2024 జూన్ 28 ఉదయానికి సఫ్దర్‌జంగ్‌లో ఒక్కరోజులో 228.1 మిల్లీమీటర్ల వాన పడి, ఎండకు ఆగిన వంగ మొక్కలు నీరు నిలిచి కుళ్లిపోయాయి. జూలైలో బంతి నారు పోస్తాం. ఆగస్టులో కుండీల్లోకి మారిస్తే అక్టోబరు 14 ధమ్మదీక్షా దినానికి పూలు అందుతాయి. విత్తనాలు అమ్మ ఇప్పటికే కాగితంలో పొట్లం కట్టి పెట్టింది. ఈసారి ఎనిమిది పొట్లాలు.