న్యూట్రల్ పడని బండి

మా నాన్నగారి దగ్గర్నుంచి బండి తాళం తీసేసుకున్న రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

ఆయనకి డెబ్భై రెండేళ్లు. మైలవరంలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ఊరి చివర మామిడితోటకి రోజూ పొద్దున్నే బండి మీద వెళ్లొస్తారు. ఆయన్ని బండ్ల గురించి కదిపితే ఇక పొద్దుపోయినట్టే. మొదట రాజ్‌దూత్, దానికి మూడే గేర్లు. తర్వాత స్నేహితుడి బుల్లెట్, దానికి గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. యెజ్డీకైతే గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్డయ్యేది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక మన ఊళ్లలో వంద సీసీ బండ్ల కాలం మొదలైంది. ఇప్పుడు ఆయన నడిపేదీ అలాంటి బండే. నాలుగు గేర్లూ కాలివేళ్లతో ముందుకి నొక్కడమే, తగ్గించాలంటే మడమతో వెనక్కి. "గేరు కాలితో కాదురా, చెవితో మార్చాలి. ఇంజను అడుగుతుంది, విను" అంటూ నాకు నేర్పింది ఆయనే.

అలాంటి మనిషి 2025 వేసవిలో మైలవరం సెంటర్లో పడిపోయారు. ముందు బస్సు ఆగిందని ఈయనా ఆగారు. బండి ఆగకుండా ముందుకి లాగింది. గాభరాగా బ్రేకు వేసేసరికి పక్కకి ఒరిగారు. మోచెయ్యి గీరుకుంది, అంతే. "క్లచ్ పట్టుకునే ఉన్నాను. బండే కదిలింది" అన్నారు. ఎవరం నమ్మలేదు. అంతకు నెల ముందు నుంచీ గేర్లు హార్డుగా పడుతున్నాయనీ, ఆగినప్పుడు న్యూట్రల్ దొరకట్లేదనీ ఆయన చెబుతూనే ఉన్నారు. బండి బాగానే ఉంది, కాలిలో పట్టు తగ్గిందని మేం తీర్మానించేసుకున్నాం. అమ్మ ఏడ్చింది. అక్క ఫోన్లో కేకలేసింది. తాళం నేను జేబులో వేసుకున్నాను. ఆయన ఒక్కమాట అనలేదు. పేపరు తీసుకుని వరండాలోకి వెళ్లిపోయారు.

మర్నాడు బండిని విజయవాడ తీసుకెళ్లి అమ్మేద్దామని బయల్దేరాను. సెంటర్ కూడా దాటలేదు. ఆగాల్సి వచ్చి క్లచ్ పూర్తిగా పట్టుకున్నా బండి ముందుకి లాగుతోంది. మడమతో ఎంత తొక్కినా న్యూట్రల్ పడదు. వెనక ఆటోవాడు హారన్. చివరికి ఇంజను ఆపేశాను. ఆపగానే న్యూట్రల్ వెన్నలా పడింది. నా వయసు నలభై మూడు. నా కాలికేమీ జబ్బు లేదు.

బండిని తోసుకుంటూ దగ్గర్లో ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లాను. "ఇంజను ఆపితే పడిందా సార్? అయితే గేర్‌బాక్సు జోలికి పోనక్కర్లేదు" అన్నాడు. సెంటర్ స్టాండు వేసి, ఇంజను ఆపి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కొక్క గేరూ వేశాడు. నాలుగూ చక్కగా పడ్డాయి. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, ఫస్ట్ గేరులో పెట్టి క్లచ్ గట్టిగా పట్టాడు. ఆగాల్సిన వెనక చక్రం జోరుగానే తిరుగుతోంది.

"ఇంజనుకీ గేర్లకీ మధ్య క్లచ్ ప్లేట్లుంటాయి సార్. లివరు పట్టుకుంటే అవి విడిపోవాలి. సగమే విడిపోతే ఇంజను బలం గేర్ల మీద పడుతూనే ఉంటుంది. ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. అప్పుడు న్యూట్రల్ ఎక్కణ్ణించి పడుద్ది?"

క్లచ్ లివరు చివర ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల దాకా ప్లే ఉండాలట. అంతకన్నా ఎక్కువ లూజైతే క్లచ్ పూర్తిగా విడదు, గేర్లు మొరాయిస్తాయి. అసలు ప్లే లేకుండా బిగిస్తే ప్లేట్లు జారిపోయి కాలిపోతాయి, బండి లాగదు. కొద్దిపాటి తేడా అయితే హ్యాండిల్ దగ్గరి నట్టుతో, ఎక్కువైతే ఇంజను దగ్గరి నట్లతో సరిచేసుకోవాలి. మా బండికి ఏ నట్టు తిప్పినా లాభం లేకపోయింది. కేబుల్ ఊడదీసి చూపించాడు. తొడుగు లోపల తీగ ఎర్రగా తుప్పు పట్టి, పోగులు తెగి చీపురులా విచ్చుకుంది.

"ఈ బండి ఎప్పుడన్నా నీళ్లల్లో మునిగిందా సార్?"

నా గుండె గతుక్కుమంది.

2024 ఆగస్టు చివర్లో నాన్నగారు మనవల్ని చూడ్డానికి సింగ్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చారు. వాన వాటం చూసి బండి మా ఇంటికింద వదిలేసి బస్సెక్కారు. సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు మీద పడింది. బండి సీటుదాకా మునిగి రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. బుడమేరు పుట్టేది మైలవరం చుట్టుపక్కల కొండల్లోనే. మా ఊరి కొండనీళ్లే మా నాన్న బండిని వెతుక్కుంటూ వచ్చినట్టయింది. వరద తీశాక ఇంజనాయిలు పాలు కలిపిన టీలా వచ్చింది. రెండుసార్లు ఆయిలు మార్పించాను, ప్లగ్గు, బ్యాటరీ, ఫిల్టరు మార్పించాను. స్టార్టయింది కదా అని పంపేశాను. కేబుల్ సంగతి నాకు తట్టనే లేదు.

కొత్త కేబుల్‌కి కూలితో కలిపి మూడు వందలు కూడా కాలేదు. లూజైన చైను కూడా సరిచేశాడు, అది లూజైతే గేరు మార్చినప్పుడల్లా కుదుపేనట. "మాస్టారు చెప్పులతో నడుపుతారు కదా" అంటూ గేరు లివరు బోల్టు వదులుచేసి, ఒక్క పన్ను పైకి జరిపి బిగించాడు. ఇప్పుడు చెప్పు మునివేళ్లు దాని కింద ఇరుక్కోవు. గేర్లు పడట్లేదంటే ముందు క్లచ్ ప్లే, కేబుల్, తర్వాత ఆయిలు, చైను, లివరు చూడాలనీ, ఇంజను విప్పే మాట అన్నిటికన్నా చివరదనీ చెప్పాడు.

మేం మాత్రం మొదట్లోనే మనిషిని అనుమానించాం.

ఇంటికెళ్లి తాళం, తుప్పుపట్టిన కేబుల్, రెండూ నాన్నగారి ముందు పెట్టాను. "తప్పు నాది నాన్నా" అన్నాను. ఆయన కేబుల్‌ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు. తాళం తీసుకోలేదు.

"బండికి పరీక్ష అయింది. నాక్కూడా చేయించు. నాలో తేడా ఉంటే తాళం నీ దగ్గరే ఉంచుకో" అన్నారు.

ఆ వారమే విజయవాడలో కళ్లు, చెవులు, మోకాళ్లు అన్నీ చూపించాం. ఎడమకంట్లో శుక్లం మొదలైందన్నారు. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. చీకటి పడ్డాక బండి ముట్టననీ, హెల్మెట్ లేకుండా గేటు దాటననీ ఆయనే అమ్మకి మాటిచ్చారు. అప్పుడు తీసుకున్నారు తాళం.

ఇప్పుడు ఆదివారం ఆదివారం ఫోన్ చేసి "ఒంట్లో ఎలా ఉంది నాన్నా?" అని అడుగుతాను.

"న్యూట్రల్ బాగానే పడుతోంది" అంటారు.